సొంత వీధికి నీళ్లు తగ్గించమన్న అభ్యర్థి

నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు, కరోనా కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను ఆత్మకూరు మున్సిపాలిటీలో నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. చేరిన కొద్ది రోజులకే కౌన్సిల్ ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చింది. కోడ్ ఉన్నన్నాళ్లు మేం కొత్త పనులు మొదలుపెట్టకూడదు. మరమ్మతులు మాత్రం చేసుకోవచ్చు. ఏ అభ్యర్థికీ మేలు చేసినట్టు కనబడకూడదు.

మహిళలకు రిజర్వయిన ఒక వార్డులో ఇద్దరు పోటీ చేశారు. ఒకామె నూర్జహాన్. పుట్టిల్లు ఉదయగిరి, తండ్రి కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఆత్మకూరులో ఆటో నడిపే అతనికిచ్చి పెళ్లి చేశారు. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. రెండో ఆమె సుజాతమ్మ, భూములున్న రైతు కుటుంబానికి కోడలు. ఆమె తరఫున ఎక్కువగా మాట్లాడేది ఆమె మామగారు రమణారెడ్డి.

ఆ వార్డులో దిగువ వీధి, మిట్ట వీధి అని రెండున్నాయి. రెండింటికీ ఒకే ట్యాంకు, ఒకే పైపు. నీళ్లు వదిలితే సహజంగా పల్లానికే ముందు పోతాయి. దిగువన బిందెలు నిండి, వాకిళ్లు కడుక్కుని, గేదెల్ని కడిగినా మిట్ట మీది కొళాయిలకు ప్రెజర్ అందేది కాదు. అక్కడి ఆడవాళ్లు కిందికి దిగి, కొళాయి ఉన్న ఇంటివాళ్లను బతిమాలి నీళ్లు పట్టుకుపోయేవాళ్లు.

నూర్జహాన్ ఇల్లు దిగువ వీధిలోనే. ఒక ఉదయం ఆఫీసుకు వచ్చి, వార్డులో అందరూ నీళ్ల గురించే అడుగుతున్నారని చెప్పింది.

"మిట్ట మీదికి నీళ్లు ఎక్కేదానికి దారి ఏమన్నా ఉండాదా సార్? ఉంటే ఉండాదని చెప్తా. లేకుంటే ఆ మాటే ఎత్తను."

ప్రశ్న నాకు నచ్చింది. కానీ ఒక్క అభ్యర్థికి జవాబు చెప్పే వీల్లేదు. కమిషనర్‌ను అడిగితే, ఇద్దర్నీ పిలిచి ఒకే మాట చెప్పమన్నారు. వార్డు సచివాలయంలో ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. కొత్త ట్యాంకు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. ఉన్నదాంతో ఒకటే దారి. ఒక రోజు దిగువ వాల్వు మూసి నీళ్లు పైకి పంపాలి, మరుసటి రోజు కిందికి వదలాలి.

రమణారెడ్డి నవ్వి, అందరికీ రోజూ ఇస్తామనే చెప్పుకుంటాం, మిగతాది ఎలక్షన్ అయినాక చూసుకుందాం అన్నారు. సుజాతమ్మ ఆ వాల్వు ఎక్కడుందని మాత్రం అడిగింది. నూర్జహాన్ "అంటే మా వీధికి తగ్గాల" అని లేచి వెళ్లిపోయింది.

కొన్ని రోజులకు దిగువ వీధిలో పైపు లీకయితే ఫిట్టర్‌ను తీసుకుని వెళ్లాను. నూర్జహాన్ అక్కడే ఇంటింటికీ తిరుగుతూ, రోజు విడిచి రోజు నీళ్లు పట్టుకుందామని చెబుతోంది. ఆమె అత్త ఖాతూన్‌బీ గడపలో నిలబడి వింటోంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ఆ ముసలావిడ, నలుగురికీ తెలియాలని కాబోలు, తెలుగులో అందుకుంది.

"సొంత వీధికి నీళ్లు తగ్గిస్తానని ఓట్లు అడిగేదాన్ని నిన్నొక్కదాన్నే చూసినా. నీకేమన్నా పిచ్చా?"

"మొన్న మిట్ట మీద నుంచి బాలింత బిందె మోసుకోని మన కొళాయి కాడికి వచ్చింది గదా అత్తా. ఇట్టాంటప్పుడు ఎందుకొచ్చినావని దాన్ని నువ్వే తిట్టినావు. వాళ్లింట్లో నీళ్లు రాకుంటే యాడికి పోతాది?"

"తిట్టినా. బిందె నింపిచ్చి, నీ మొగుడి ఆటోలో పంపించినా గదా."

"దినామూ ఆటో పంపిస్తామా?"

ఖాతూన్‌బీ నావైపు తిరిగి, ఇదంతా నువ్వు నేర్పిందేనా సారూ అని అడిగింది. ఇద్దరికీ ఒకే మాట చెప్పానన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. వీధివాళ్లు కొందరు తలుపులు వేసుకున్నారు.

నూర్జహాన్ కొద్ది తేడాతో ఓడిపోయింది. మిట్ట వీధిలో ఆమెకు ఓట్లు బాగానే పడ్డాయి. సొంత వీధి ఓట్లున్న పోలింగ్ కేంద్రంలోనే వెనకబడింది.

గెలిచిన సుజాతమ్మను మిట్ట వీధి ఆడవాళ్లు వదల్లేదు. మామగారు కొత్త ట్యాంకు వచ్చేదాకా ఆగమన్నారట. ఆమె ఆగలేదు. ఒక మధ్యాహ్నం నాకు కబురు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా నూర్జహాన్ ఇంటికి వెళ్లింది.

"నేను చెప్తే, గెలిచినాక మాట మార్చిందంటారు. ఓడిపోయిన నువ్వు గూడా అదే మాట చెప్తే వింటారు. నాతో వస్తావా అక్కా?"

నూర్జహాన్ జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. రానంటుందనే అనుకున్నాను.

"ఈ మాట నువ్వు ఎలక్షన్ ముందు అనుంటే నేనే గెలిచుండేదాన్ని" అంది. సుజాతమ్మ అవునని తలూపింది. నూర్జహాన్ కత్తెర పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని బయల్దేరింది.

ఇద్దరూ ప్రతి గడపా ఎక్కారు. వేళల గురించి అడిగినప్పుడు జవాబు చెప్పడానికి నేను వెనకాల నడిచాను. తిట్టినవాళ్లున్నారు, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టినవాళ్లూ ఉన్నారు. దిగువ వాల్వు మూసిన మొదటి రోజు మిట్ట మీది కొళాయిల్లో ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు వచ్చాయి. దిగువ వీధి కొన్ని వారాలు సణిగి, డ్రమ్ములు కొనుక్కుని సర్దుకుంది. ఆ తర్వాత ఫిట్టర్ నీళ్లు వదలడం కాస్త ఆలస్యం చేస్తే అతణ్ని నిలదీసేది ఖాతూన్‌బీయే. అది మిట్ట వీధి వంతు రోజయినా సరే.

వాల్వు ఎంత తిప్పాలో లెక్క కట్టడం మాకు చదువులో నేర్పారు. ఎవరికి నీళ్లు తగ్గుతాయో వాళ్ల గడపకే వెళ్లి చెప్పడం ఎవరూ నేర్పలేదు. మిగిలిన సర్వీసులో నీళ్ల వేళలు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు నష్టపోయే వీధికే వెళ్లాను. ఫిర్యాదులు తగ్గలేదు. కానీ కోపంతో ఎవరూ వాల్వులు పగలగొట్టలేదు.