తేలికైన కెమెరా

మా ఆవిడ చనిపోయింది. శ్రావణమాసం చివర్లో, గుంటూరు ఆసుపత్రిలో, తెల్లవారిన కాసేపటికి. మీలో చాలామందికి ఈ సంగతి తెలుసు. వచ్చి చూసి వెళ్ళారు. తెలియనివాళ్ళకు ఇలా తెలియజేస్తున్నాను.

ఆమె గురించి ఒక పేజీ రాయమని మన పెన్షనర్ల సంఘం పత్రికవాళ్ళు అడిగారు. మొదట రాయలేనన్నాను. తర్వాత ఒప్పుకున్నాను. దానికి కారణం ఉంది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒకే మాట చాలామంది నోట విన్నాను.

"ఆమెకి భుజం నొప్పని ఎంత వెతికి కొన్నారండీ ఆ చిన్న కెమెరా. అట్టా చూసుకునేవాళ్ళు ఎక్కడుంటారు?"

అన్నవాళ్ళందరికీ తల ఊపాను. అలా ఊపి ఉండాల్సింది కాదు.

ఆమె ఫోటోలు తీసేది. స్టూడియో పెట్టలేదు, పోటీలకు పంపలేదు. పొద్దున నడకకు వెళ్ళివచ్చే దారిలో కనిపించినవాళ్ళను తీసేది. పాలక్యాను మూత మీద చెయ్యి ఆనించి ఎవరికోసమో చూస్తున్న మనిషి. మిరపకల్లంలో ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు. స్కూలు ఆటోలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్న పిల్లలు. తీసినవాటికి ప్రింట్లు వేయించి ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. నరసరావుపేటలో మా వైపు వీధుల్లో చాలా ఇళ్ళల్లో టీవీ పక్కన అలాంటిది ఒకటి ఉంటుంది.

శివరాత్రికి కోటప్పకొండ వెళితే అందరూ తల ఎత్తి, ఊళ్ళనుంచి లాక్కొచ్చిన తాటిచెట్టంత ప్రభల్ని తీస్తుంటారు. ఆమె వంగి, ప్రభ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నవాళ్ళను తీసేది. ఏమిటిదని అడిగితే, "ఇంత దూరం లాక్కొచ్చినోళ్ళని ఎవరూ తీయట్లేదుగా" అనేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. "అడిగి తీస్తే బిగుసుకుపోతారు. అడక్కుండా తీస్తే దొంగతనం. కంటితో అడగాలి. వాళ్ళు కంటితోనే సరే అంటారు." నేను ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. నా కన్ను అడిగితే జనం వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు, ఇంకెవరినో పిలుస్తున్నానని.

ఆమె వాడిన పెద్ద కెమెరా నేను కొన్నదే. రిటైరైన ఏడాది కొన్నాను. నేను పనిచేసింది కాలవల శాఖలో. మూడు కొటేషన్లు లేనిదే అక్కడ బోల్టు కూడా కొనేవాళ్ళం కాదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మిక్సీ అయినా, పరుపు అయినా, మూడు రకాలు ఎదురెదురుగా పెట్టి చూడాల్సిందే. ఆమె నవ్వేది.

"నన్ను చేసుకునేటప్పుడు ఎన్ని కొటేషన్లు పిలిచారండీ?"

"నీది సింగిల్ టెండరు."

"అట్టాంటివి రద్దు చేయాలిగా రూలు ప్రకారం?"

"అత్యవసరమని రాసి పాస్ చేశారు."

ఆ కెమెరా కొనేముందు ఆమె చిన్నది కావాలంది. నేను వినలేదు. దూరం లాగే లెన్సు ఉన్నది తెచ్చాను. కొండ కింద నిలబడితే పైన కోతి కనురెప్ప కూడా కనిపిస్తుంది. కోతి కనురెప్పతో ఆమెకు పనేమిటని నేను ఆలోచించలేదు. బరువు కిలోకు దగ్గరగా ఉండేది. కుడిభుజానికి తగిలించుకుని తిరిగేది.

ఎదురింటి పెద్దమ్మ దాన్ని చూస్తే తలుపు వేసుకునేది.

"ఏమే, ఆ ఫిరంగి నా మీదికి తిప్పమాక."

"ఫిరంగి కాదు పెద్దమ్మా, కెమెరా."

"ఏదైతే ఏంది? అది చూస్తే నా మొహం నాది కాకుండా పోద్ది."

పెద్దమ్మ అన్నది నిజమేనని మా ఆవిడ ఇంట్లోకొచ్చి చెప్పింది. "దీన్ని చూడగానే జనం పెళ్ళికొచ్చినట్టు సర్దుకుంటున్నారు. గుప్పెట్లో పట్టేది ఉంటే బాగుండు." ఫోనుతో తీయమన్నాను. "ఫోను మోగుద్ది. ఎండలో ఆ అద్దంలో నా మొహమే కనపడుద్ది. కన్ను పెట్టి చూసుకునే కిటికీ ఉండాలి" అంది.

నిరుడు కార్తీకంలో ఆమెకు భుజం నొప్పి మొదలైంది. కుడివైపు, మెడ కిందనుంచి మోచేతి దాకా. కెమెరా బరువుకని ఆమె అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే కారణం ఇంకొకటి లేదు. పట్టీ ఒరిసిపోయేది ఆ భుజం మీదే మరి.

నాకు పని దొరికింది. చిన్న కెమెరాల గురించి చదవడం మొదలుపెట్టాను. లోపలి సెన్సారు ఎంత పెద్దదైతే మసక వెలుతురులో బొమ్మ అంత శుభ్రంగా వస్తుంది. సెన్సారు పెద్దదైతే లెన్సు పెరుగుతుంది, లెన్సు పెరిగితే బరువు. ఒకదానికి అన్నీ బాగున్నాయి, ఆమె అడిగిన కిటికీ లేదు. ఒకదానికి కిటికీ ఉంది, లెన్సు దగ్గరికి లాగదు. మూడోదానికి రెండూ ఉన్నాయి, కానీ ఎక్కడా దొరకదు. ఈ చిన్న కెమెరాలకు ఇప్పుడు కుర్రకారులో మళ్ళీ మోజు వచ్చింది. విజయవాడ కొట్టులో అడిగితే, వస్తే ఫోను చేస్తామన్నారు. నేను ఎదురుచూస్తూ ఇంకొంత చదివాను. వాడినవాళ్ళ వీడియోలు చూశాను. మధ్యాహ్నం భోజనం కాగానే బల్ల దగ్గర కూర్చుంటే టీ వేళ దాకా లేచేవాణ్ణి కాదు. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక అంత హాయిగా గడిచిన రోజులు లేవు.

ఒకరోజు ఆమెకు పరీక్ష పెట్టాను. గుడ్డసంచిలో ఉల్లిపాయలు తూచి వేశాను, మూడు కెమెరాల బరువుకు సరిపడా, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కోసారి సంచి ఆమె భుజానికి తగిలించి హాల్లో నడవమన్నాను.

"ఇది ఎట్టా ఉంది?"

"లాగుతా ఉంది."

రెండు ఉల్లిపాయలు తీసేశాను. "ఇప్పుడు?"

"లాగుతానే ఉంది."

ఇంకా తీశాను. ఆఖరికి సంచిలో ఏమీ మిగల్లేదు. ఆమె హాలు చివరి దాకా వెళ్ళి తిరిగివచ్చింది.

"ఖాళీ సంచి కూడా నొప్పిగానే ఉందండీ."

నేను ఆమె భుజం వంక చూశాను. సంచి పట్టీ వంక చూశాను. పట్టీ సన్నగా ఉందని తేల్చాను. కెమెరాకు వెడల్పు పట్టీ విడిగా కొనాలన్నాను. "సరే కానివ్వండి, ఈ ఉల్లిపాయలు కూరలోకి తీసుకుంటున్నా" అంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

జరిగిందంతా ఇంతే. ఖాళీ సంచి బరువెందుకని నేను అడగలేదు. కాలవలో నీళ్ళు లేకపోయినా గట్టు చెమ్మగిల్లితే ఎక్కడిదా ఊట అని వెతకడం నా ఉద్యోగం. ఇంట్లో వెతకలేదు.

మాచర్లలో ఉండే మా అమ్మాయి ఫోనులో అడిగింది. "నాన్నా, అమ్మని డాక్టరుకి చూపించారా?"

"కెమెరా మారిస్తే పోద్దమ్మా. విజయవాడలో చెప్పి పెట్టాను."

"కెమెరా కాదు నాన్నా, డాక్టరు."

"చూపిద్దాంలే."

మా ఆవిడ పక్కనుంచి అందుకుని, "మీ నాన్న నాకోసం డాక్టరేటు చేస్తున్నాడులే" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

శివరాత్రి ముందు కెమెరా వచ్చింది. మూడోరకం, రెండూ ఉన్నదే. ఆమె అరచేతిలో పెట్టుకుని, మూసి, తెరిచి చూసింది. ఆ సాయంత్రమే పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"ఇదేందే, అగ్గిపెట్టెలాగా ఉంది?"

"మా ఆయన కొన్నాడు పెద్దమ్మా. నెలల తరబడి చదివి కొన్నాడు."

"ఇంత చిన్నదానికి అంత చదువా? తీసుకో అయితే."

తలుపు వేసుకోలేదు. పెద్దమ్మ నవ్వుతున్న ఫోటో వాళ్ళ ఇల్లంతా వెతికినా అదొక్కటే ఉంటుంది.

కెమెరా వచ్చినా నొప్పి తగ్గలేదు. ఇన్నేళ్ళ బరువు ఒక్కరోజులో దిగదని నేను ధైర్యం చెప్పాను. ఉగాది దగ్గర పడేసరికి జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. అప్పుడు తీసుకెళ్ళాను. ఇక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించి, చూసి, గుంటూరు వెళ్ళమన్నాడు. క్యాన్సరని, ఊపిరితిత్తి పైభాగంలో మొదలై భుజం ఎముకలోకి దిగిందని గుంటూరులో తేలింది. పొగాకు వాసన పడని మనిషి.

ఆ మొదటిరోజు పెద్ద డాక్టరు అడిగాడు. "నొప్పి ఎప్పటినుంచమ్మా?"

ఆమె నా వంక చూసింది. నేను ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఈ మధ్యనేనండీ. శివరాత్రి దాటాక."

ఆయన రాసుకున్నాడు. బయటికొచ్చాక వరండాలో అడిగాను.

"ఎందుకట్టా చెప్పావ్?"

"ఆయన ముందు మిమ్మల్ని నిలబెట్టి, ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదని అడిగించమంటారా? పదండి, దాహంగా ఉంది."

లోపలికి తిరిగి వెళ్ళి చెప్పొచ్చు. మర్నాడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆమె నా కోసం అబద్ధమాడింది, నేను దాని నీడలో నిలబడ్డాను.

ఆ తర్వాత చికిత్స జరిగినన్నాళ్ళూ చిన్న కెమెరా ఆమె దిండు పక్కనే ఉండేది. నర్సులకు చూపించేది. "మా ఆయన ఏరి తెచ్చాడమ్మా, పట్టుకుంటే బరువే తెలియదు." వాళ్ళు నా వంక మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. నేను మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళేవాణ్ణి. నన్ను పొడవడానికి అనేదా అని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. ఆమె అలాంటి మనిషి కాదు. ఆమెకు ఆ కెమెరా నిజంగా ఇష్టం. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఒక్కసారే అడిగాను, "నీకు కోపం లేదా?" అని.

"దేనికి?"

దిండు పక్కనున్న కెమెరా వంక చూశాను.

"నా గురించి అంతసేపు కూర్చుని ఆలోచించినోళ్ళు ఇంకెవరున్నారండీ? తప్పు పుస్తకం చదివారు, అంతే."

పోయినరోజు డాక్టరు నా చెయ్యి పట్టుకుని, "మీవైపు నుంచి ఆలస్యమేమీ లేదు. నొప్పి రాగానే తీసుకొచ్చారు. మనసులో ఏం పెట్టుకోవద్దు" అన్నాడు. ఆమె చెప్పిన తేదీని బట్టి ఆయన ఆ మాట అన్నాడు. అసలు తేదీ చెప్పి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. కార్తీకంలోనే తీసుకెళితే బతికేదా? కావచ్చు, కాకపోవచ్చు. అడిగే అర్హత నేనే పోగొట్టుకున్నాను. అమ్మాయి ఆ ఫోను మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడుతుందో నాకు కనిపిస్తూనే ఉంది.

కాబట్టి పెద్దకర్మ నాడు నన్ను మెచ్చుకున్నవాళ్ళకు ఇదే నా జవాబు. నొప్పి శివరాత్రి తర్వాత రాలేదు. కార్తీకంలో వచ్చింది. మధ్యలో నేను కెమెరా ఎంచుకుంటున్నాను.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి నొప్పులు ఉంటాయి. కుట్టుమిషను వల్లనో, బిందె మోయడం వల్లనో అని కారణం దగ్గర్లోనే కనిపిస్తుంది. చూపించుకోండి. అంతకన్నా సలహా చెప్పే స్థితిలో లేను.

పత్రికలో వేయడానికి ఆమె తీసిన ఫోటోలు రెండు మూడు కావాలన్నారు. పెద్ద కెమెరా కార్డు తీసుకుని మొన్న మా వీధి చివర స్టూడియోకు వెళ్ళాను. అతను ఒక్కోటి కంప్యూటర్లో తెరిచి చూస్తున్నాడు.

"సార్, ఈ చివరివన్నీ ఎడమకి వాలినయ్యి. మేడమ్‌గారు ఇట్టా తీయరే."

చూశాను. కార్తీకం నుంచి తీసినవి అవి. నొక్కే మీట కుడివైపు ఉంటుంది. కుడిచెయ్యి పైకి నిలవక ఆ పక్క కిందికి జారింది. మొదట కొంచెం, వారాలు గడిచేకొద్దీ ఇంకాస్త. కల్లం వాలింది, కొండ వాలింది.

"ఒక్క నిమిషం పని సార్, నిలువుగా చేసి ఇస్తా. కాకపోతే పక్కలు కాస్త తెగుతయ్యి."

"వద్దు. ఉన్నట్టే వెయ్యి."

ఆఖరిది తెరిచాడు. అందులో నేనున్నాను. అది తీసినట్టు నాకు తెలియదు. మధ్యాహ్నపు వెలుతురు. బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు నుదుటికి ఎత్తి, తెర మీదికి వంగి చదువుతున్నాను. మొహం నిండా సంతోషం. నా వెనక గోడ ఎడమకు ఒరిగింది. కిటికీ ఒరిగింది, బల్ల ఒరిగింది. నా మోచేతి పక్కన ఆమె పెట్టి వెళ్ళిన గాజుగ్లాసు. అందులో టీ ఏటవాలుగా నిలబడి ఉంది, చుక్క కూడా ఒలకకుండా.