మిద్దె మీద కూత

ఆళ్లగడ్డలో కరుణ టీచర్ బడి నుంచి రాగానే కొంగు నడుముకు దోపుకుని మిద్దె ఎక్కుతుంది. కర్రకు అల్యూమినియం కడ్డీలు బిగించి తానే చేసుకున్న యాంటెన్నాను, ఉపగ్రహం పోయే దారి వెంబడి మెల్లగా తిప్పుతుంది. తల ఒక పక్కకు వాల్చి, పెదవి కొరుక్కుంటూ రేడియో వింటుంది. నంద్యాలలో ఒక కాలేజీలో పనిచేసే తమ్ముడు అభిషేక్ తన విద్యార్థులతో కలిసి తయారుచేసిన చిన్న ఉపగ్రహం, పైకి వెళ్లిన నాటి నుంచి పలకలేదు. నిన్న సాయంత్రం గరగరల మధ్య సన్నటి కూత వినిపించింది. లాప్‌టాప్ ఆ కూతను అంకెలుగా మార్చింది. ఆమె వెంటనే తమ్ముడికి ఫోను చేసి వాటిని చదివి వినిపించింది.

“బతికే ఉందిరా. బ్యాటరీ బాగుంది, ఎండకు చార్జి ఎక్కుతాంది.”

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

“ఆ అంకెలు ఇంకోసారి చదువక్కా.”

పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు ఆమె నిదానంగా చదివింది.

“సరేక్కా. పోయి ఇంత అన్నం తింటా,” అన్నాడు.