సమాధానం చెప్పమన్నాడు మా తాత

నా చిన్నప్పుడు ఉదయగిరి బస్టాండులో మా ఇంటి పేరు చెబితే కదిలిన బస్సు కూడా ఆగేది. మా ముత్తాత మునసబు, ఆయన నాయనా మునసబే, మా తాతా మునసబే. ముత్తాత బాప్తిస్మం తీసుకున్న ఏడు మా ఊరి చర్చికి స్థలం ఇచ్చాడు. అందుకే అందరూ చాపల మీద కూర్చున్నా మా ఇంటివాళ్లకు ముందు వరుసలో బెంచీ ఉండేది. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. మా వంశంలో ఎవరూ ఇంకొకరి గడప ముందు నిలబడి ఎరగరు. ఇది తెలియకపోతే ఆ శనివారం జరిగింది అర్థం కాదు.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. దానికి ముందు రోజు, ఎవరి మీదనైనా కోపం పెట్టుకున్నవాళ్లు ఆ ఇంటికి పోయి గడప బయటే నిలబడి "సమాధానం" అనాలి. లోపలివాళ్లు "సమాధానమే" అనాలి. అంతటితో సరి. ఎందుకు, ఏమిటి అని తవ్వకూడదు. బైబిలులో ఆ మాటకు శాంతి అని అర్థం. నాకు తెలిసిన అర్థం అదొక్కటే. నన్ను అప్పుడే బడిలో వేశారు, అక్కడ మా అయ్యవారు ప్రశ్నకు జవాబు చెప్పమనేవాడే కానీ సమాధానం చెప్పమని ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మా చిన్నాయన, అంటే తాతకు చిన్న కొడుకు, ఆత్మకూరు నుంచి ఎరువు మూటలతో వస్తుంటే ట్రాక్టరు రోడ్డు పక్క గుంటలోకి బోల్తా కొట్టింది. మడ్‌గార్డు మీద కూర్చున్న చిన్నాయన దాని కిందపడి చనిపోయాడు. తోలుతున్న డ్రైవరు బతికాడు. మా చర్చివాడే, మా ఇంటి తిండి తిని పెరిగినవాడే. గొర్రెలు అడ్డమొచ్చాయని చెప్పాడు. ఆ పూట ఆ దారిలో గొర్రెల్ని తోలినవాళ్లే లేరని మా తాత విచారించి తెలుసుకున్నాడు. పోలీసుల దాకా పోలేదు. తన కొడుకు ఎందుకు చనిపోయాడో వాడి నోటితోనే వినాలని పట్టుపట్టాడు. వాడు ఆ నోరు తెరవలేదు, చర్చికీ రావడం మానేశాడు. తాత వచ్చేవాడు కానీ బల్ల వేళకు లేచి బయటికి పోయేవాడు. లోపల పాట సాగుతున్నంతసేపూ ఎండలో ఆయన చెప్పుల చప్పుడు నాకు వినిపించేది. ఒక్క చోట నిలిచేది కాదు.

ఆ శనివారం పొద్దున పాస్టరయ్య మా ఇంటికి వచ్చాడు. వసారాలో తాత కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు.

"రేపన్నా బల్ల తీసుకోండయ్యా. మీరు లేచిపోతుంటే నా చెయ్యి ఆడడం లేదు."

"వాడు సమాధానం చెప్పనీ, తీసుకుంటాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నరకానికే పోతాను. మా వంశంలో ముందు పోయినోళ్లు ఆడ కూడా బెంచీ ఏసి పెట్టుంటార్లే."

పాస్టరయ్య నవ్వలేదు. ఆయన పోయాక తాత ఇంకాసేపు వసారాలో తిరిగాడు. మగమనిషిని పంపితే కొట్లాటవుతుందనుకున్నాడో ఏమో, నన్ను పిలిచాడు.

"పాపా, డ్రైవరింటికి పోయి చెప్పిరా. సమాధానం చెప్పమన్నాడు మా తాత, అని చెప్పు."

తాత అడిగింది జవాబు. నాకు వినబడింది శాంతి. రేపు బల్ల, ఈరోజు శనివారం, అందరి ఇళ్లలాగే మా ఇంటినుంచీ ఆ మాట పోతున్నదనుకున్నాను. అంత పెద్ద పని నాకు అప్పగించారన్న సంబరంతో ఆ వీధి చివరిదాకా పరుగెత్తాను.

డ్రైవరు భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతూ ఉంది. "ఏందబ్బా, మునసబుగారి మనమరాలు దారి తప్పినాదే" అంది, చాట ఆపకుండా. డ్రైవరు లోపల సంగటి తింటున్నాడు. నేను పెద్దవాళ్లలాగే గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సమాధానం చెప్పమన్నాడు మా తాత."

ఆమె చాట ఆగింది. డ్రైవరు ముద్ద పట్టుకున్న చేత్తోనే లేచాడు.

"ఎవురికి?"

"నీకే."

ఆయన "సమాధానమే" అనలేదు. చెయ్యి కడుక్కుని, చొక్కా కూడా తొడుక్కోకుండా, నాకంటే ముందు మా ఇంటివైపు నడిచాడు. నేను వెనక పరుగెత్తుతూ పోయాను.

మా గేటు దగ్గర నిలబడి అన్నాడు. "సమాధానమేనయ్యా. పాప వచ్చి చెప్పినాది. మీరంత మాట పంపినాక ఇంక నేను దాచుకోలేను. గొర్రెలు లేవు, ఏమీ లేవు. నాకు కునుకు పట్టినాది. చిన్నయ్య బండి ఆపి మొహం కడుక్కోమన్నాడు. ఇంకెంత దూరంలే అని నేనే ఆపలేదు. నేనే చంపుకున్నానయ్యా."

తాత వసారా స్తంభం పట్టుకున్నాడు. ఏడాదిగా ఆయన అడుగుతున్నది ఇదే. అడిగినన్నాళ్లూ రాలేదు. క్షమించారనుకున్నాక వచ్చింది. కానీ ఆయన క్షమించలేదు. ముఖం నల్లబడింది.

"నేను పంపింది..." అని ఆగాడు.

డ్రైవరుకు ఏదో అనుమానం తగిలింది. "మీరు పంపలేదా అయ్యా?" అన్నాడు. అప్పటికి వీధిలో నలుగురు చేరారు. లోపలినుంచి మా అవ్వ గడపలోకి వచ్చింది. చచ్చిపోయినవాడు ఆమెకూ కొడుకే. కొంగుతో కళ్లు తుడుచుకుని, తాత వైపు చూడకుండా అంది.

"పంపినారో లేదో చెప్పండి. ఆ మనిషి ఎండలో నిలబడుండాడు."

తాత నావైపు చూశాడు. నేనేదో తప్పు చేశానని అప్పుడే నాకు భయమేసింది.

"పంపినాను" అన్నాడు. "పో. రేపు చర్చికి రా. ఆలస్యంగా వస్తే ఊరుకోను."

మర్నాడు ఇద్దరూ బల్ల తీసుకున్నారు. తాత ఈసారి లేచి బయటికి పోకపోవడం బెంచీ మీదినుంచి చూశాను. అంతటితో ఆయన మనసు నిలకడ పడిందని చెప్పను. చాన్నాళ్లు ఆ గుంట దాకా నడిచిపోయి వచ్చేవాడు. డ్రైవరుతో మళ్లీ మాట కలపడానికి కోతల కాలం రావలసి వచ్చింది. నేను కాస్త పెద్దదాన్నయ్యాక ఒకనాడు తానే చెప్పాడు. "ఆ మాట నాది కాదు పాపా. నేను అడగమన్నది వేరు. అంతమందిలో వాడు దాన్ని అందుకున్నాక వెనక్కి లాక్కోవడానికి మునసబు నోరు రాలేదు. దేవుడు నా పొగరునే పట్టుకుని నన్ను వంచినాడు."

కృప అంటే అర్హత లేనివాడికి ఊరికే దొరికేది అని పాస్టరయ్య చెప్పేవాడు. ఆ ఊరికే ఇవ్వడం ఇచ్చేవాడికి ఎంత కష్టమో నేను మా తాత ముఖంలో చూశాను. ఒప్పుకున్నాక క్షమించడం మా ఇంట్లో అందరికీ వచ్చు, దాన్ని మేము పెద్దరికం అనుకునేవాళ్లం. ఒప్పుకోకముందే ఆ మాట పంపడం ఇప్పటికీ నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. అయినా ప్రతి నెలా బల్లకు ముందు రోజు ఆత్మకూరులో ఉన్న మా అన్నకు ఫోను చేసి ఆ ఒక్క మాటా అంటాను. ఎందుకు చేశావని అడగను. అడగకుండా ఉండటానికి పళ్లు బిగబట్టవలసి వస్తుంది. ఆయన "ఊఁ" అని పెట్టేస్తాడు. ఆ రాత్రికి నాకు నిద్ర సరిగా పట్టదు, పై నెల మళ్లీ చేస్తాను.

ఉదయగిరి కొండ కింద మా నిమ్మతోటను, బావితో సహా, పోయిన వేసవిలో అన్న నాకు చెప్పకుండా అమ్మేశాడు.