ఉల్టా చూడి

చెరుకు ఆడే నెలల్లో నాకు మొగుడు ఉన్నట్టా, లేనట్టా అని మా అక్క ఎకసెక్కాలాడేది. మాది నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్క ఊరు. మా ఆయన బోధన్‌లో ఒక షావుకారు దగ్గర కారు నడిపేవాడు. షావుకారుకు చెరుకు లారీలుండేవి. సీజన్ మొదలైతే షావుకారును ఊళ్లన్నీ తిప్పడమే పని, ఇంటికి రావడం కుదిరేది కాదు. కారు మాత్రం మా గడప ముందునుంచే పోయేది. నన్ను చూసి ఒక్కసారి హారన్ కొట్టేవాడు. వెనక సీట్లో షావుకారు ఉంటే అదీ లేదు. పెళ్లయిన కొత్త. ఆ కారు మీద, అది లేపే దుమ్ము మీద కూడా నాకు కోపమే.

ఒకరోజు పొద్దున కారు మా ఇంటి ముందే ఆగింది. షావుకారును నిజామాబాద్‌లో రైలెక్కించి, ఖాళీ బండితో బోధన్ పోతున్నాడట. చాయ్ తాగి లేచాడు. ఎడమవైపు ముందు చక్రంలో గాలి తగ్గింది, మార్చుకొని పోతానని పానా తీశాడు. ఇంకాసేపు ఉంటాడు కదా అని నేను తలుపు చాటున సంబరపడుతుంటే టక్కుమని చప్పుడైంది. ఒక బోల్టు తల ఊడి చేతికొచ్చింది. మొండెం లోపలే ఉండిపోయింది.

"ఇంక నాలుగున్నయి గద, గవ్విటి మీద నడ్వదా?" అంది అరుగు మీద కూర్చున్న మా అత్త.

"నడుస్తది అవ్వా. తోవల చక్రం ఊసిపోతె షావుకారుకు నువ్వు జవాబు చెప్తవా?"

నిజామాబాద్ పోయే బస్సు డ్రైవరుతో బండ్లు బాగుచేసే మిస్త్రీకి కబురు పంపాడు. మిస్త్రీ వచ్చేదాకా ఆయన ఇంట్లోనే. జొన్నరొట్టెలు చేసి, వంకాయ కూర వండాను. సీజన్‌లో నిలబడే తినే మనిషి, ఆ రోజు తీరిగ్గా కూర్చుని తిన్నాడు. తర్వాత మంచం వాల్చుకుని నిద్రపోయాడు. చొక్కా నిండా చెరుకు వాసన. పక్కనే కూర్చుని బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. మిస్త్రీకి బస్సు దొరకొద్దని, ఇంకేదైనా పెద్ద పని తగలాలని దేవుళ్లందరికీ మొక్కాను. ఒక్క దేవుడూ వినలేదు. మధ్యాహ్నం దాటగానే మిస్త్రీ దిగాడు.

విరిగిన బోల్టు చుట్టూ కిరసనాయిలు పోసి, అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా కొడుతూ అడిగాడు.

"ఎట్ల ఇరిగిందన్నా? ఇటు తిప్పినవా ఏంది? గిది ఉల్టా చూడి గద!"

అత్త చెవిన అదొక్కటే పడింది. "సూడి కట్టిందా? ఏది?" అంటూ ముందుకు వంగింది. మిస్త్రీలు బోల్టు మీది మరను చూడి అంటారు. మా ఊళ్లో బర్రె చూలుకడితే సూడి కట్టిందంటాం. అత్త చూపు తిన్నగా నా కడుపు మీదికొచ్చింది. మగవాళ్లిద్దరూ ఒకటే నవ్వు. నేను లోపలికి ఉరికాను. సిగ్గు సగం, కోపం సగం. మొగుడు ఇంటిపట్టున ఉంటే కదా!

మిస్త్రీ అత్తకు వివరంగా చెప్పాడు. ఈ కారుకు ఎడమవైపు బోల్టులు లోకానికి ఎదురు తిరుగుతాయట. మామూలుగా విప్పబోతే ఇంకా బిగిసి, పట్టు పట్టి తిప్పితే విరిగిపోతాయట. "తెల్వనోడు ఇరగ్గొట్టిండంటె సరే. పోయిన నెల గీ ముచ్చట నాకు చెప్పిందే నువ్వు గదన్నా!"

నేను కిటికీలోంచి ఆయన వైపు చూశాను. తల వంచుకుని పానా తుడుస్తున్నాడు.

సాయంత్రానికి ముక్క బయటికొచ్చింది. మిస్త్రీ కొత్త బోల్టు వెతుకుతుంటే ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. చెంబుతో నీళ్లు పోశాను.

"బిగించేటప్పుడు ఇంకోటి ఇరగ్గొట్టనా?" అన్నాడు మెల్లగా.

నోటిదాకా వచ్చింది. అత్త వింటుందని భయం. "పైలంగ పో" అన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇరగ్గొట్టు, అని పైకే అంటుంటాను.