ఆకాశంలో ఒక సొట్ట

సైన్యంలో గీతలు గీస్తూనే జుట్టు నెరిసిన ఆయన్ని అందరూ గీతల మాస్టారనేవారు. వంతెనలు గీశారు, మరుగుదొడ్లు గీశారు. రెండూ దేశరక్షణేనని నమ్మారు. ఆకాశంలో వింత వస్తువులు తిరుగుతున్నాయని జనం గగ్గోలు పెట్టడంతో పైవాళ్లు ఒక విచారణ విభాగం తెరిచి, మేజరుగారిని అధికారిగానూ మాస్టారిని ఆయనకు చిత్రకారుడిగానూ వేశారు. విభాగమంటే గోదాము వెనక ఒక గది, ఒక బల్ల, నాలుగు కాళ్లూ నేలకు ఆనని కుర్చీలు.

చూసినవాళ్లు వచ్చేవారు గానీ చెప్పలేకపోయేవారు. ''ఎలా ఉందమ్మా?'' అంటే ''ఏం చెప్పను సార్, గుండె జారిపోయిందనుకోండి'' అనేవారు. గుండె జారడాన్ని పెన్సిలుతో గీయలేం గనక, మాస్టారు ఇంటినుంచి గరాటు, గరిటె, బంతి, అన్నం గిన్నె మూత తెచ్చి బల్లమీద పెట్టారు. ''వీటిలో దేనికి దగ్గర?'' అనడమే తడవు, వేలు మూతమీదికి పోయేది. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం సైన్యం నేర్పిన విద్య. అంచున ఉన్న సొట్టను కూడా ఆయన వదల్లేదు.

మూతను ఎంచుకున్న మొదటి వేలు మేజరుగారిదే. కుర్రతనంలో విమానం నడుపుతూ ఆయన ఏదో చూశారు. చెబితే, మతి చెడిందని పైవాళ్లు ఆయన్ని విమానం నుంచి దించేశారు.

''పిచ్చివాళ్లందరికీ ఒకే సొట్ట కనిపిస్తుందా మాస్టారూ?'' అని ఇప్పుడు గోడనిండా అంటించిన బొమ్మలు చూసుకుని పొంగిపోయేవారు. విచారణ గడువు ముగియవచ్చింది; మర్నాడు వాటిని పైవాళ్ల ముందు పెట్టి, పోయిన పరువు తెచ్చుకోవాలి.

ఆ పూటే మాస్టారి భార్య గదిలోకి ఊడిపడింది. ''ఏమండీ, ఎన్నాళ్లని పళ్లెం బోర్లించి వండి చావను? నా మూత...'' అంటూ గోడ చూసి ఆగిపోయింది. ''ఇదేంటి, నా మూతను గోడంతా వేశారు!''

''అది వేరే గ్రహానిదమ్మా'' అన్నారు మేజరుగారు, పసిపిల్లకు చెప్పినట్టు.

''నా గ్రహచారం! ఆ సొట్ట ఈ మహానుభావుడు గిన్నె దించబోయి చేసిన ఘనకార్యం బాబూ.''

మూత తీసి బొమ్మ పక్కన పెట్టింది. సొట్టకు సొట్ట సరిపోయింది.

మాస్టారు కొయ్యబారిపోయారు. ఇన్నాళ్లూ తాను దేశమంతటి ఆకాశంలోనూ తన వంటిల్లే ఎగరేశారు! మేజరుగారు కుర్చీలో కూలబడి, ''అయితే వాళ్లన్నదే నిజమా? నాకు మతి లేదా?'' అన్నారు.

ఆవిడ మూత చంకన పెట్టుకుని గొంతు తగ్గించింది. ''దీని సంగతి వదిలేయండి బాబూ. అసలు మీరేం చూశారు?''

మేజరుగారు కళ్లు మూసుకున్నారు. ''ఆకారం లేదమ్మా. వెలుగు. నా రెక్క పక్కనే ఆగింది. నన్నే చూస్తోందనిపించింది. కిందికి దిగాక కూడా నా చేతులు నావి కావేమో అనిపించింది.''

మాస్టారు అలవాటుకొద్దీ పెన్సిలు కాగితానికి ఆనించారు; చెయ్యి కదల్లేదు.

మర్నాడు పైవాళ్ల ముందు మేజరుగారు వట్టి చేతులతో నిలబడ్డారు. ''బొమ్మలేవీ?'' అన్నాడు పెద్దాయన. ''లేవు సార్. చెబుతాను, వినండి'' అన్నారు మేజరుగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వరసలో మాస్టారు మాత్రం, తానే ఆ విమానంలో ఉన్నట్టు, కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నారు.