రామన్న బండ మీద రేడియో

ఇస్రాయేలుకు చెవులు ఒక్కరోజులో పోలేదు. వయసులో ఉన్నన్నాళ్లూ అతను కాలువ పనులకూ సొరంగం పనులకూ వెళ్లాడు. బండకు డ్రిల్లు పట్టి బెజ్జాలు వేయడం అతని పని. మందు పేలిన పొగ ఇంకా సర్దుకోకముందే మళ్లీ లోపలికి పోయి డ్రిల్లు పట్టాలి. సాయంత్రం రేకుల షెడ్డుకు తిరిగొచ్చాక చెవుల్లో కీచురాళ్లు అరిచినట్టుండేది. తెల్లారేసరికి తగ్గేది. కొన్నేళ్లకు ఆ తగ్గడం ఆగిపోయింది.

పనులు మానుకుని లింగాల దగ్గరి సొంత ఊరికి వచ్చేసరికి అతనికి చప్పుళ్లు వినబడుతున్నాయి కానీ మాటలు వినబడటం లేదు. కుక్క మొరిగితే తెలుస్తుంది. మనిషి మాట్లాడితే మాత్రం గోడ అవతల ఎవరో గొణిగినట్టుంటుంది. ఈ సంగతి భార్య మణెమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పదిమందితో కలిసి కూలికి పోయే మనిషికి చెవుడని తెలిస్తే మేస్త్రీ పిలవడు. అందుకని ఎదుటివాళ్ల పెదాలు చూసి, నవ్వి, తలూపి నెట్టుకొచ్చాడు. చర్చిలో వెనక వరసలో కూర్చునేవాడు. క్రమంగా చర్చికి వెళ్లడమే తగ్గించాడు.

అతనికి రేడియో అంటే ప్రాణం. పని చోట్ల ఎక్కడున్నా తలగడ పక్కన రేడియో ఉండేది. ఆ పాత డబ్బా ఇంట్లో ఇంకా ఉంది, కానీ దానిలో గరగర ఎక్కువ. ఆ గరగరలో మాట కలిసిపోయి అతనికి ఏమీ అర్థమయ్యేది కాదు. అయినా సాయంత్రమైతే పెట్టుకుని కూర్చునేవాడు.

కూతురు అర్చన నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో నర్సు. కిందటి వానాకాలం, విత్తనాలు కొనడానికి తండ్రితో కలిసి అచ్చంపేటకు వచ్చింది. అక్కడ రాఘవేందర్ అనే అతని కొట్లో కొత్తరకం చిన్న రేడియోలు కనబడ్డాయి. ముల్లు తిప్పే పని లేదు. మీట నొక్కితే అద్దం మీద అంకెలు వాటంతటవే పరుగెత్తి, స్టేషన్ దొరికిన చోట ఆగుతాయి.

"గా డబ్బాల ఏముంటది బిడ్డా, గరగర తప్ప" అన్నాడు ఇస్రాయేలు.

రాఘవేందర్ ఇయర్‌ఫోన్లు తెచ్చి అతని చెవుల్లో పెట్టి, సౌండు పెంచాడు. ఇస్రాయేలు కదలకుండా నిలబడిపోయాడు. ఎవరో ఒకావిడ, మాట మీద మాట పడకుండా, వేరుశనగ గురించి చెబుతోంది. వెనకాల గరగర లేదు. ప్రతి మాటా దేనికది విడిగా వస్తోంది.

"ఊడలు దిగేటప్పుడు జిప్సం ఎయ్యాల్నంట!" అని అరిచాడు. కొట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అర్చన నవ్వింది. తర్వాత తండ్రి కళ్లు చూసి నవ్వు ఆపేసింది. నాయినకు జర తక్కువ వినబడుతుందని ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ మాటలే అందడం లేదని మాత్రం ఆ క్షణం దాకా తెలియదు.

"నాయినా, చెవుల డాక్టరుకు చూపిద్దాం పా" అంది దారిలో, అతని ముందుకొచ్చి నిలబడి.

"ఏం అవసరం లేదు. గీ రేడియో చాలు నాకు" అన్నాడు.

కానీ ఊరికి తెచ్చాక ఆ రేడియో నోరు విప్పలేదు. మీట నొక్కితే అంకెలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా పరుగెత్తడమే తప్ప ఎక్కడా ఆగలేదు. ఊరు పల్లంలో ఉంది, చుట్టూ గుట్టలు. పాత డబ్బాకు స్టేషన్ సగం అందినా గరగరతోనైనా ఏదో వినిపించేది. ఈ కొత్తదానికి పూర్తిగా అందితేనే మాట, లేకపోతే మౌనం.

"గిదేం మొండిదే, మాట్లాడితే మంచిగ మాట్లాడుతదంట, లేకుంటే మూగనోము పడుతదంట" అంది మణెమ్మ.

ఇస్రాయేలు వదల్లేదు. ఏరియల్ పూర్తిగా లాగి మిద్దెక్కాడు. వేపచెట్టుకు వేలాడదీసి చూశాడు. నీళ్ల ట్యాంకు మెట్ల మీద నిలబడ్డాడు. ఒకచోట ఒక్క ముక్క వినబడి ఆగిపోయేది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రేడియోను దీపంలా ముందుకు పట్టుకుని చేలన్నీ తిరిగాడు. చివరికి తన పల్లి చేను పక్కనే ఒకచోట అంకెలు ఠక్కున ఆగాయి. కొట్లో విన్నంత స్పష్టంగా మాట వచ్చింది. అదొక ఎత్తయిన నల్లబండ. అక్కడి నుంచి చూస్తే రెండు గుట్టల మధ్య సందు కనబడుతుంది.

ఆ బండ రామన్న పొలంలో ఉంది.

ఒకప్పుడు రామన్నకూ ఇస్రాయేలుకూ మంచి స్నేహం. ఒకరి ఎడ్లు ఒకరు వాడుకున్నవాళ్లు. ఒకరి చేనుకు ఒకరు కావలి ఉన్నవాళ్లు. రెండేళ్ల కింద రామన్న ఉన్నట్టుండి మాట మానేశాడు. అంతకు కొద్దిరోజుల ముందే అతని భార్య జములమ్మను చేలో పాము కరిచింది. ఆమె దవాఖాన నుంచి తిరిగొచ్చాక ఇస్రాయేలు, మణెమ్మ చూడబోతే, రామన్న లేచి వాకిట్లోంచి బయటికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి దారిలో ఎదురుపడినా ముఖం తిప్పుకునేవాడు.

"ట్రాక్టర్ కొన్నడు గద. మన కులమేందో ఇప్పుడు యాదికొచ్చినట్టున్నది" అనేది మణెమ్మ. ఇస్రాయేలూ అదే అనుకున్నాడు. వెళ్లి అడగొచ్చు. అడిగితే అతను చెప్పే జవాబు వినబడాలి కదా. అందుకని అడగలేదు.

రామన్న పొలంలో లేని సమయం చూసుకుని బండ ఎక్కడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు రోజులు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం వార్తలు వింటూ కూర్చుని ఉండగా వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి చూస్తే రామన్న. కోపంగా ఉన్నాడు. అప్పటికే చాలాసేపటి నుంచి అరుస్తున్నట్టుంది.

ఇస్రాయేలు ఇయర్‌ఫోన్లు తీశాడు.

"నా బండ మీద నీకేం పని?" అన్నాడు రామన్న.

ఇస్రాయేలు అతని పెదాలు చూశాడు. 'పని' అన్నది దొరికింది. "పని అయిపోయింది, నిన్ననే కలుపు తీసినం" అన్నాడు.

"నేనేం అడుగుతున్న, నువ్వేం చెప్తున్నవ్?"

"మంచిగనే ఉన్న, నువ్వెట్లున్నవ్?"

రామన్న అతన్ని పరీక్షగా చూశాడు. ఈ మనిషి తన కళ్లలోకి చూడటం లేదు, మూతినే చూస్తున్నాడు. రామన్న ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి తిరిగి, గుట్ట వైపు ముఖం పెట్టి, "ఇస్రాయేలూ, నీ చేన్ల ఆవు వడ్డది" అన్నాడు గట్టిగా. తిరిగి చూస్తే ఇస్రాయేలు అలాగే కూర్చుని ఉన్నాడు. తన చేను వైపు తల కూడా తిప్పలేదు.

రామన్న వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. కుడిచెవి దగ్గరికి వంగి, "నీకు వినవడుత లేదా?" అన్నాడు.

ఇస్రాయేలు వినబడదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పటి సంది?"

"సొరంగం పని సంది. ఊరికొచ్చేనాటికే పోయినయ్."

రామన్న చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మరి గా దినం... జములమ్మను పాము కరిచిన దినం..." అని మొదలుపెట్టి, ఇతనికి అందడం లేదని చూసి, ఆపి, మళ్లీ చెప్పాడు. ఈసారి చెయ్యి పడగలా ఎత్తి తన పాదం మీద కొట్టి చూపించాడు. వేలు చాచి గట్టు మీది దారి చూపించాడు. "నువ్వు గా దారిన గడ్డి మోపెత్తుకొని పోతున్నవ్. నేను గీడికెల్లి మొత్తుకున్న. జములమ్మ సుత నీ పేరు వెట్టి పిలిచింది. నువ్వు తిరిగి చూడలే."

ఇస్రాయేలుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"పిలిచిందా?"

"పిలిచింది. ఆటో దొరికేసరికి పానం పోయినంత పనైంది. అచ్చంపేటకు తీస్కపోయినంక బతికింది. కాలు ఇంకా ఈడుస్తనే ఉన్నది."

"వినవడితే ఉరికి రాకపోదునా రామన్నా? ఎత్తుకొని ఉరుకుతుంటి గద!"

"మరి చెవుడని ఒక్కమాట చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? చెవిటోన్ని పనికెవరు పిలుస్తరు?"

రామన్న కింద చేలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇస్రాయేలు తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. బండ మీద పడి ఉన్న ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. రామన్న ఒకటి తీసి తన చెవిలో పెట్టుకుని వెంటనే పీకేశాడు. "వారీ, ఇంత గట్టిగనా!" అన్నాడు. ఆ మాట ఇస్రాయేలుకు వినబడలేదు గానీ, రామన్న జడుసుకున్న తీరు చూసి నవ్వొచ్చింది.

మర్నాడు జములమ్మ కాలు ఈడ్చుకుంటూ ఇస్రాయేలు ఇంటికి వచ్చింది. వెనకాలే రామన్న, దొంగతనం చేసి పట్టుబడినవాడిలా. ఆమె మణెమ్మ పక్కన గడపలో కూర్చుని ముందు మొగుణ్ని అందుకుంది.

"రెండేండ్లు మూతి ముడుచుకొని తిరిగినవ్. ఏందిరా, ఎందుకు తిరిగి చూడలేదురా అని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోతుండె?" తర్వాత ఇస్రాయేలు వైపు తిరిగి, అతనికి పెదాలు బాగా కనబడేలా, "నువ్వు సుత తక్కువోనివేం కాదన్నా. చెవులు పోతే సిగ్గెందుకు? నాకు కాలు పోలేదా?" అంది.

మణెమ్మ మాత్రం అంత తొందరగా కరగలేదు. రెండేళ్లుగా లోపల పెట్టుకున్న మాట అడిగేసింది. "మేం తక్కువ కులమోళ్లమని మాట్లాడుత లేవనుకున్నం రామన్నా."

రామన్న తల వంచుకున్నాడు. "గట్ల అనుకునేటట్టు చేసిన గద వదినా. తప్పు నాదే" అన్నాడు. మణెమ్మ లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

సంగతి ఊరంతా తెలిశాక ఇస్రాయేలుకు ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ వారమే కూతురికి కబురు చేసి, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఎడమచెవి పూర్తిగా పోయిందన్నారు. కుడిచెవికి మిషన్ ఇచ్చారు. దానితో ఇంట్లో మణెమ్మ మాట, చర్చిలో ముందు వరసలో కూర్చుంటే పాస్టరు మాట అందుతున్నాయి. చేలో మాత్రం గాలికి అది హోరుమంటుంది. అక్కడ తీసి జేబులో వేసుకుంటాడు. మేస్త్రీ పిలవడం తగ్గించాడు, అతను భయపడినట్టే. ఆ లోటు కొంత రామన్న పొలం పనితో తీరుతోంది, అంతా కాదు.

సాయంత్రాలు ఇద్దరూ బండ మీద కూర్చుంటారు. కొన్నిరోజులు ఎందుకో అక్కడా స్టేషన్ అందదు. అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఊరుకుంటాయి. అప్పుడు ఇస్రాయేలు రేడియో పక్కన పెట్టి కుడిచెవి రామన్న వైపు తిప్పుతాడు. రామన్న మధ్యాహ్నం టీవీలో చూసిన వార్తలు చెప్పడం మొదలుపెడతాడు, సగం తప్పులతో, గొంతెత్తి, కింద కలుపు తీస్తున్న ఆడవాళ్లందరికీ వినబడేలా.