తాతయ్య వేసే రెండో ఆకు

మా చిన్నప్పుడు... పెద్దల అమావాస్య వస్తే తాతయ్య రెండు అరిటాకులు వేసేవారు. మొదటి ఆకు, పోయిన తన నాన్నగారికి... అన్నం, పప్పు, గారెలు, పరమాన్నం. రెండో ఆకులో మాత్రం ఒకే ఒక్క గోధుమ రొట్టె!

ధవళేశ్వరం దగ్గర పల్లెటూరు మాది. మూడు పూటలా అన్నమే. ఇక రొట్టె చేయడం మా మామ్మకి వస్తే కదా... అప్పడంలా ఫెళ్ళున విరిగేది. "ఎవరికి మామ్మా ఇది?" అనడిగితే, "నాకేం తెలుసే, మీ తాతయ్యనే అడుగు" అని విసుక్కునేది.

తాతయ్య బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చిన సిపాయి. కుడిచేతి వేళ్ళు రెండు అక్కడే పోయాయి. ఆగస్టు పదిహేనుకి బడిలో ఆయన మెడలో దండ వేస్తుంటే ముందు వరసలో కూర్చుని తెగ మురిసిపోయేదాన్ని. విమానాలు, బాంబులు... ఎన్ని కబుర్లు చెప్పేవారో! రొట్టె సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... దణ్ణాలు అయ్యేదాకా ఆగలేక, ఆకలికి ఆ రొట్టె తినేశాను. అన్నం ఉన్న ఆకు ముట్టుకోకూడదని తెలుసు. మన పెద్దలెవరూ రొట్టె తినరు కదా, పర్లేదనుకున్నాను!

చెంప ఛెళ్ళుమంది. అంతవరకూ నన్ను పల్లెత్తు మాట అనని తాతయ్య... నాకు ఏడుపు కూడా రాలేదు.

"ఇదేం విడ్డూరమండీ! చిన్నపిల్ల మీద చెయ్యి చేసుకుంటారా?" అంటూ మామ్మ పరిగెత్తుకొచ్చింది. చూస్తే తాతయ్యే ఏడుస్తున్నారు. ఆ మూడు వేళ్ళ చేత్తో నా చెంప నిమురుతూ చెప్పారు.

"అడవిలో నాలుగు రోజులు తిండి లేదమ్మా. నా పక్కన పంజాబు సిపాయి ఒకడు, గుండు దెబ్బ తగిలి పడున్నాడు. పోయాడనుకున్నాను. వాడి సంచీలో ఉన్న ఒక్క రొట్టే తీసి తినేశాను... ఆఖరి ముక్క నోట్లో పెట్టుకునేసరికి కళ్ళు తెరిచాడు. నన్నే చూశాడు. ఒక్క మాటా అనలేదమ్మా. సాయంత్రానికి నిజంగానే పోయాడు."

ఆ రొట్టె తినేసింది... దండలు వేయించుకునే మా తాతయ్యేనా! అన్నేళ్ళుగా రొట్టె చేస్తున్న మామ్మకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. లోపలికి వెళ్ళి మళ్ళీ పిండి కలిపింది.

తాతయ్య చివరి రోజుల్లో షుగర్ ఎక్కువైందని, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నారు రాజమండ్రి డాక్టరుగారు. ఎంత బతిమాలినా తాతయ్య ముట్టలేదు. "నా వాటా ఎప్పుడో తినేశానమ్మా" అన్నారు.

ఇప్పుడు మా వైపు కూడా ఏ ఇంట్లో చూసినా రాత్రికి చపాతీలే... మిగిలితే పొద్దున్నే పారేస్తున్నాం. మీ ఇళ్ళల్లోనూ యుద్ధానికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ఉండేవారా? వాళ్ళు చెప్పినవి, చెప్పకుండా దాచుకున్నవి ఏవైనా గుర్తుంటే కింద రాయండి.

రెండో ఆకు ఇప్పుడు నేనే వేస్తున్నాను. దణ్ణం పెట్టుకునేటప్పుడు ఏమని పిలవాలో తెలియదు... ఆ మనిషి పేరేమిటని తాతయ్యను అడగాలని నాకు తట్టనేలేదండీ.